హొగేనక్కల్ పొలుసుల మందు

హొగేనక్కల్ జలపాతం గురించి తెలుసుకుందామని ఇది చదివేవాళ్ళకు ముందే ఒక మాట. నేను జలపాతాన్ని సరిగ్గా చూడలేదు. దాని హోరు విన్నాను. తుంపర కళ్ళద్దాల మీద పడితే తుడుచుకున్నాను. అంతే. నేను పోయింది ఒకామెకు ఒక సంగతి చెప్పడానికి.

నా భార్య సుగుణ మద్రాసులో ఒక పరిశోధనశాలలో పనిచేసేది. ఈ ఎండాకాలంలో చనిపోయింది. ఆమె సెల్‌ఫోను నేను ఆపెయ్యలేదు. రోజూ చార్జింగ్ పెట్టి బల్ల మీద ఉంచేవాణ్ణి. వినాయక చవితి అయిన తర్వాత ఒక మధ్యాహ్నం అది మోగింది.

"సార్, నేను హొగేనక్కల్ నుంచి సెల్విని. మునియమ్మ కోడల్ని. మేడమ్ పోయిందని మాకు తెలుసు సార్. మా అత్తకి మోకాలు ఆపరేషన్ చేయాలని ధర్మపురి ఆస్పత్రిలో చెప్పి రొంబ నాళ్ళు అయింది. ఒప్పుకోదు. మేడమ్ మందు వస్తాది, అదే వేసుకుంటా అని కూర్చోనుండాది. ఇంకా లేటైతే కాలు మడిచింది మడిచినట్లే నిలిచిపోతాదంట. మీరు ఒకసారి వచ్చి, అట్లాంటి మందు లేదని చెప్పండి సార్. మేం చెప్తే వినదు."

మునియమ్మ పేరు నాకు తెలుసు. హొగేనక్కల్‌లో చేపలు కోసే మనిషి. సుగుణ కొన్నేళ్ళపాటు ఆమె దగ్గర చేప పొలుసులు తెచ్చుకుంది.

ఎందుకో చెప్పాలి. మోకాలిలో ఎముకల చివర్లకు నున్నటి పొర ఉంటుంది. కార్టిలేజ్ అంటారు. అది అరిగితే తిరిగి పెరగదు. సూదితో ద్రవంగా ఎక్కిస్తే లోపల ఒంటి వేడికి జెల్లీలా గడ్డకట్టి, ఆ అరిగిన చోట కొత్త పొర పెరగడానికి ఆధారంగా నిలిచే పదార్థం కోసం సుగుణ పనిచేసింది. వట్టి జెల్లీ మనిషి బరువుకు ఆగదు. అందుకని మామూలు మైక్రోస్కోపుకు కూడా అందనంత సన్నటి ఖనిజపు రేణువులు అందులో కలుపుతారు. ఆ కొలతనే నానో అంటారు. జెల్లీకి కావలసింది, రేణువులకు కావలసింది రెండూ చేప పొలుసులోనే దొరుకుతాయి. అందరూ పారేసే వస్తువు. అది ఆమెకు నచ్చింది.

ఆ మందు కుందేళ్ళ మోకాళ్ళ దాకా వచ్చింది. అక్కడ ఆగింది.

మొరప్పూరు

మద్రాసు నుంచి సేలం పోయే రైలు ధర్మపురిని తాకదు. మొరప్పూరులో దిగి బస్సెక్కాలి. నేను దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఒళ్ళో గోనెసంచి. నా చేతిలో ఉన్న పుస్తకం వైపు కాసేపు చూసి, తెలుగులోనే అడిగాడు.

"ఇది మన తెలుగా సామీ?"

అవునన్నాను.

"ఇంట్లో పుట్టినకాడ్నించీ మాట్లాడేది అదే. రాస్తే ఎట్లుంటాదో ఎప్పుడూ చూడలే." పుస్తకం తీసుకుని పేజీలు తిప్పాడు. "జాంగిరి చుట్టినట్ల ఉండాదే! యా ఊరు మీది?"

"నెల్లూరు."

"అట్లనే అనుకొన్నా. మీరు మాట్లాడతా ఉంటే రేడియోలో వార్తలు చదివినట్ల ఉండాది. మాది అట్ల కాదు. తిట్టేది తెలుగు, లెక్కబెట్టేది తమిళం."

ఆయనది కారిమంగళం పక్కన పెరియంపట్టి. మెట్ట సేద్యం. మొరప్పూరులో కూతురింటికి వచ్చి, ధర్మపురి అవతల ఒక నాటు వైద్యుడి దగ్గరికి పోతున్నాడు. సంచి విప్పి చూపించాడు. నల్లేరు కాడలు, శొంఠి, తాటిబెల్లం, సీసాలో నువ్వుల నూనె. నడుము నొప్పికట.

"ఇవన్నీ వైద్యుడి దగ్గర ఉండవా?" అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "ఉంటే? మన సరుకు మనమే తీసకపోవాల. ఆయన నూరి, కాచి, మన పేరు చెప్పి ఎత్తిపెడతాడు. ఇంకొకరి సరుకుతో చేసింది మన ఒంటికి పట్టదు."

"ఆయనకు డబ్బు?"

"మందుకి దుడ్డు చేతులు మారితే గుణం పోతాది సామీ. పండు, తమలపాకు పెట్టి దండం పెడతాం."

"నయం కాకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి పోరా?"

"పోతాం. ఊరికే పోతే ఎట్ల? మన సరుకు ఒకరి దగ్గర ఉండంగా ఇంకొకరి మందు మింగితే రెండూ చెడతాయి. మొదట ఆ ఇంటికి పోయి, విడిపించుకోని పోవాల."

మా నెల్లూరులో వైద్యం చేసే ఆచారి పొట్లం కట్టి ఇస్తాడు, మనం డబ్బిస్తాం, అందులో ఏముందో అడగం. రెండు పద్ధతుల తేడా బాగుందనుకున్నాను. అంతకంటే ముందుకు ఆలోచించలేదు.

ధర్మపురి

బస్‌స్టాండు దగ్గర లాడ్జీలో దిగాను. గది చూపించిన కుర్ర గుమాస్తా నవ్వినప్పుడు పళ్ళ మీద గోధుమరంగు చారలు కనిపించాయి. ఈ జిల్లాలో చాలాచోట్ల బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. ముందు పళ్ళకు పడుతుంది, తర్వాత కీళ్ళకు. హొగేనక్కల్ నుంచి కావేరి నీళ్ళు తెచ్చే పథకం గురించి టీకొట్టు దగ్గర ఇద్దరు పందెం కాస్తున్నట్టు వాదించుకుంటున్నారు. ఒకాయన వచ్చే ఏడాదికి వస్తాయంటాడు. రెండో ఆయన, "నా మనవడి పెళ్ళికి కాళ్ళు కడుక్కుంటాలే" అంటాడు. మనవడి వయసెంత అని అడిగితే, ఇంకా పుట్టలేదన్నాడు.

మొదటిసారి ఇక్కడికి వచ్చిపోయినప్పుడు సుగుణ కూడా ఈ పళ్ళ గురించే చెప్పింది. ముప్పై ఐదేళ్ళ మనిషి మెట్లు పక్కకు తిరిగి దిగడం చూశానంది. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

రాత్రి భోజనం రాగి కళి. మన సంకటే. కానీ ఇక్కడ దాంట్లో అన్నం కలపరు, వట్టి పిండే, రాయిలా ఉంటుంది. ఉలవల పులుసుతో కలిపి పన్నెండు రూపాయలు. నమలబోతే హోటలు మనిషి వారించాడు. "మింగాల సార్, నమలకూడదు." మింగాను. సుగుణ ఇది తనకిష్టమని చెప్పేది. నాకు గొంతు దిగలేదు. కళి తప్పు కాదు.

పెన్నాగరం దారి

మర్నాడు ఉదయం పెన్నాగరం మీదుగా బస్సు. పెన్నాగరం దాటాక ఊళ్ళు పలచబడి అడవి మొదలవుతుంది. ఘాట్‌లో వంపు వంపుకూ వేడి పెరిగింది. కొండ దిగితే చల్లబడుతుందనుకున్న నేను చొక్కా గుండీ విప్పుకోవలసి వచ్చింది. గొడుగు పెన్నాగరంలో టీ తాగినచోట మరిచిపోయానని సగం దారిలో తెలిసింది. కండక్టరుకు చెబితే, "టీకొట్టు ఆయన మంచివాడు, తీసి పెడతాడు. వాన వస్తే మాత్రం ఆయనే వేసుకుంటాడు" అన్నాడు తమిళంలో. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్విన తర్వాత ఒక మనిషికి ఏదో తప్పు చేసినట్టు అనిపించడం ఈ మధ్య అలవాటైంది.

దారిపొడుగునా, మునియమ్మకు చెప్పవలసింది మనసులో వాక్యాలుగా పేర్చుకున్నాను. సుగుణ పని మంచి పని. అది ఇంకా పూర్తి కాలేదు. ఆమె విద్యార్థులు కొనసాగిస్తారు. ఈలోగా మీరు ఆపరేషన్ చేయించుకోండి. పరామర్శకు వచ్చినవాళ్ళందరికీ నేను చెబుతూ వచ్చిన వాక్యాలే ఇవి, చివరిది తప్ప.

హొగేనక్కల్

నేను పోయింది పురట్టాసి నెలలో. తమిళులకు పెరుమాళ్ళ నెల, అంటే వేంకటేశ్వరుడిది. మన కార్తీకంలా చాలా ఇళ్ళల్లో మాంసం, చేప ముట్టరు. దాంతో చేపలు వేయించే కొట్ల వరస సగం మూసి ఉంది. పైనుంచి నీళ్ళు ఎక్కువ వదిలారని పుట్లు కూడా ఆపేశారు. ఆ గుండ్రటి తోలు పడవల్ని ఇక్కడ పరిసల్ అంటారు. ఒడ్డున బోర్లించి ఉన్నాయి, వాటి నీడలో తెడ్డువాళ్ళు పేకాడుతున్నారు. నది ఎర్రమట్టి రంగులో పోతోంది.

దారి అడుగుదామని ఆగితే ఒక నూనె మర్దన మనిషి నన్ను బండ మీద కూర్చోబెట్టేశాడు. పేరు పెరుమాళ్. వద్దనేలోపే నడినెత్తిన నూనె పడింది.

"పొద్దున్నించీ ఒక్క తల దొరకలే సార్. ఈ నెలలో చేపలు మమ్మల్ని చూసి ఎగతాళి చేస్తాయి." నా మాట విని తెలుగులోకి మారాడు. "యాడికి పోవాల?"

"మునియమ్మ ఇంటికి."

నెత్తి మీద చేతులు ఆగిపోయాయి. "పొలుసుల మునియమ్మా? మీరు డాక్టరమ్మ ఇంటాయనా?" జవాబు చెప్పేలోపే లేచి నిలబడి, పేకాడేవాళ్ళ వైపు కేకేశాడు. "రేయ్, వచ్చేసినాడురా! మునియమ్మ మందు వచ్చేసింది!"

వాళ్ళు ముక్కలు కింద పెట్టి నా వైపు చూశారు. నా భుజాన ఉన్న సంచి వైపు చూశారు. అందులో ఒక జత బట్టలు, పుస్తకం, మద్రాసులో కొన్న మిఠాయి పెట్టె ఉన్నాయి. పెరుమాళ్ డబ్బు తీసుకోలేదు. "మునియమ్మ మందు తెచ్చినాయన దగ్గర దుడ్డా? కాలు సరైనాక ఆ యమ్మనే నాకు చేపల కూర పెట్టమంటా" అన్నాడు.

అప్పుడు నాకు మొరప్పూరు బస్సులో పెద్దాయన మాటలు అర్థమయ్యాయి. మందు లేదని చెప్పడానికి నేను వస్తున్నానని సెల్వికి తెలుసు. అత్తకు మాత్రం "డాక్టరమ్మ ఇంటాయన వస్తుండాడు" అని చెప్పి ఊరుకున్నట్టుంది. వైద్యుడు పోతే, ఎవరి పేరు మీద చేసిపెట్టిన మందు వాళ్ళకు ఆ ఇంటివాళ్ళు తెచ్చిస్తారు. మునియమ్మకు నా రాక అర్థమైంది అలా.

మునియమ్మ ఇంట్లో

కొట్ల వెనక రేకుల ఇల్లు. వాకిట్లో రెండు గోనెసంచుల నిండా ఎండిన పొలుసులు. సుగుణ పోయాక కూడా కడిగి, ఎండబెట్టి, నింపుతూనే ఉంది.

మునియమ్మ గోడకానుకుని కూర్చుని ఉంది. నాకంటే కొంచెం చిన్నదై ఉంటుంది. చీర మోకాలి పైదాకా జరిపి, కుడికాలు ఉతికిన తువ్వాలు మీద పెట్టుకుంది. కాలు పూర్తిగా చాపుకోలేదు, సగం వంగే ఉంది. మోకాలు వాచి ఉంది. దాన్ని సబ్బుతో కడుక్కున్నట్టు వాసన వస్తోంది.

"వచ్చినావా అన్నా," అంది. "డాక్టరమ్మ పోయిందని సెల్వి చెప్పినప్పుడు రెండు దినాలు అన్నం తినలే. చేపల గురించి సొంత తమ్ముళ్ళ మాదిరి అడిగేది ఆ యమ్మ, ఇది యాడ పుట్టింది, ఏం తింటాదని. నేను నగేదాన్ని." అని కళ్ళొత్తుకుంది. తర్వాత నా సంచి వైపు చూసింది. "ఐస్‌లో పెట్టి తెచ్చినావా? ఆ యమ్మ చల్లగా ఉండాల అని చెప్తా ఉండె."

సెల్వి గుమ్మం దగ్గర నిలబడి నా వైపు చూసి తల దించుకుంది.

నేను పేర్చుకున్న వాక్యాలు చెప్పడం మొదలుపెట్టాను. మంచి పని అన్నాను. పూర్తి కాలేదన్నాను. విద్యార్థులు అన్నాను. మునియమ్మ ఓపికగా వింది. విని,

"అదంతా సరే అన్నా. నా సరుకుతో చేసింది యాడుండాది?" అంది.

"అది మీకోసం చేసింది కాదమ్మా. పరీక్ష కోసం."

"పరీక్ష చేసినారా?"

"చేశారు."

"ఎవరికి?"

"కుందేళ్ళకు."

సెల్వికి నవ్వు వచ్చింది కాబోలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అది నవ్వు కాదని తెలిసింది.

"కుందేలికా?" అంది మునియమ్మ. "నా సరుకు కుందేలికి పెట్టినారా? నేను కూర్చోని కూర్చోని, గీకి గీకి, ఉప్పేసి కడిగి, ఒక రూపాయి తాకకుండా ఇచ్చినానే. ఆ యమ్మ ఇస్తానన్నప్పుడంతా వద్దన్నానే. కుందేలికి ఏం పనుందన్నా మోకాలితో? చేపలు కోస్తాదా?"

"మందు మనుషులకు ఎక్కించేముందు..."

"తెలుసు, తెలుసు. పోయి కుందేలుని తీసకరా, కొట్లో కూర్చోబెడతాం." ఆమె కోడలి వైపు తిరిగింది. "ఏమే సెల్వీ, నువ్వెందుకు ఏడుస్తావు? నీకు ముందే తెలుసు గదా."

"అత్తా, నేను ఎన్నిసార్లు చెప్పినాను..."

"నువ్వు చెప్తే సరిపోతాదా? సరుకు నీకిచ్చినానా?"

ఈ మాట విన్నాక, నా వాక్యాలు ఎందుకు పనికిరావో తెలిసింది. ఆమె ఆపరేషన్‌కు భయపడి కూర్చోలేదు. అడిగాను కూడా. భయమా అంటే, "చేపలు కోసేదానికి కత్తి భయమా?" అంది. ఆమె సరుకు ఒక ఇంట్లో ఉంది. ఆ ఇల్లు వదిలిపెట్టనిదే ఇంకో ఇంటి మందు ఆమె తీసుకోదు. ఆమె లెక్కలో ఆ ఇల్లు మాది.

"మిగిలింది ఉంటే తిరిగి ఇచ్చెయ్యి అన్నా," అంది చివరికి. "అది నా చేతికొస్తే నేను పోతాను."

"మిగల్లేదు."

"అయితే నోటితో చెప్పు. ఆ యమ్మ లేదు, ఆ యమ్మ ఇంటాయన చెప్పాల. నీ సరుకు మా దగ్గర లేదు, నీకు మా ఇంట్లో మందు లేదు, యాడికన్నా పో అని. అట్ల చెప్తే చాలు."

ఇది చిన్న పని. సెల్వి ఫోనులో అడిగింది కూడా ఇదే. కానీ నాకు నోరు రాలేదు.

సుగుణ గది ఇప్పుడు ఇంకెవరికో ఇచ్చారు. విద్యార్థుల్లో ఒకతను మందుల కంపెనీలో చేరాడు, ఒకమ్మాయి వేరే విషయానికి మారింది. కుందేళ్ళలో కొత్త పొర కొంత పెరిగింది, కానీ పలచగా, అన్నిటికీ ఒకేలా కాదు. దాన్ని మనిషి దాకా తీసుకుపోవడానికి ఇంకా ఎన్నేళ్ళో, ఎంతమందో కావాలి. ఆ మనుషులు లేరు. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ, వచ్చినవాళ్ళందరికీ ఆమె పని కొనసాగుతుందని చెప్పాను. అది నమ్మినంతకాలం ఆమెలో కొంత ఇంకా పోలేదనుకోవచ్చు.

బయట నది ఒకటే హోరు. మునియమ్మ ఎదురుచూస్తోంది. తొందరపెట్టలేదు.

నేను నిలబడి చెప్పాను. "నీ సరుకు మా దగ్గర లేదమ్మా. నీకు మా ఇంట్లో మందు లేదు. ఎక్కడికైనా పో."

మునియమ్మ తల ఊపింది. చీర మోకాలి మీదికి జరుపుకుంది. కిందనున్న తువ్వాలు మడిచి పక్కన పెట్టింది. కాసేపు అయ్యాక సెల్వితో, "అన్నకి చేతికి నీళ్ళివ్వు, తింటాడు" అంది.

అవలి అనే కావేరి చేపల పులుసు, కళి. ఈ నెలలో మీరు చేప తింటారా అని అడిగాను. "చేప కోసేవాళ్ళకి యా నెలా లేదన్నా. ఆ పెరుమాళ్ళ సామికి తెలుసు," అంది. ఆ పులుసులో చింతపండు మన నెల్లూరు పులుసుకంటే తక్కువ, వెల్లుల్లి ఎక్కువ. ఈసారి కళి నమలకుండా మింగగలిగాను. మునియమ్మ తినలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

పొలుసుల సంచులు ఏం చేద్దామని సెల్వి మెల్లిగా అడిగితే, అటు తిరిగే జవాబిచ్చింది. "కొబ్బరితోట వాళ్ళు ఎరువుకి అడిగిరే. ఇచ్చెయ్."

తిరిగి ధర్మపురి

ఆ రాత్రి హొగేనక్కల్‌లోనే ఉండిపోయి, మర్నాడు మునియమ్మ, సెల్వి, నేను ఆస్పత్రికని ఒకే బస్సు ఎక్కాం. మునియమ్మ మెట్టు ఎక్కలేకపోతే పెరుమాళ్ వెనకనుంచి ఎత్తి పెట్టాడు. ఎక్కించేటప్పుడు, "ఏం తింటివి మునియమ్మా, కట్ల చేప మాదిరి జారిపోతుండావు" అన్నాడు. ఆమె తమిళంలో ఏదో తిట్టింది. అందరూ నవ్వారు. అతను నా వైపు మాత్రం చూడలేదు.

దారిలో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నేను వెనక సీట్లో. పెన్నాగరంలో బస్సు ఆగినప్పుడు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొని, సగం నాకిచ్చింది. నేను తెచ్చిన మిఠాయి పెట్టెకు రాత్రి చీమలు పట్టాయట. దులిపి తెచ్చింది, అందరం తిన్నాం.

ఆస్పత్రిలో వరండా నిండా జనం. కూర్చునే చోటు దొరక్కపోతే, ఒకావిడ తన బిడ్డను ఒళ్ళోకి తీసుకుని మునియమ్మకు చోటిచ్చింది. మధ్యాహ్నం దాటాక లోపలికి పిలిచారు. సెల్వి నన్ను కూడా రమ్మంది. డాక్టరు నడివయసు మనిషి, అలసిపోయి ఉన్నాడు. మోకాలు నొక్కాడు, వంచబోయాడు, చాపబోయాడు. మునియమ్మ పళ్ళు బిగబట్టింది. ముందే రావలసింది అన్నాడు. సేలం పెద్దాస్పత్రికి రాసిస్తానన్నాడు. ఆపరేషన్ చేసినా కాలు పూర్తిగా తిన్నగా రాదు, కర్ర పట్టుకుని నడవచ్చు, కింద కూర్చునే పని మాత్రం ఇక కుదరదన్నాడు. సెల్వి అత్త భుజం మీద చెయ్యి వేసింది.

తర్వాత ఆయన కలం తీసి తమిళంలో అడిగాడు, ఇన్నాళ్ళూ ఏ మందు వాడుతున్నావని.

మునియమ్మ నా వైపు తిరగలేదు.

"ఏ మందూ లేదు సార్," అంది.

ఆయన రాసుకున్నాడు. నేను తలుపు తీసుకుని వరండాలోకి వచ్చాను.